ఒకే బురద, రెండు కరువులు

పోయిన వారం మనం బురదమ్మని చలిగదిలో నిలబెట్టి, తలుపు దగ్గరికి వేసి, ఎవరి పనుల మీద వాళ్లం వెళ్లిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ముక్కు కందిపోయింది. ఆ గది చలి అలాంటిలాంటి చలి కాదు మరి. లోపల ఎవరైనా తుమ్మితే ఆ తుమ్ము గాల్లోనే గడ్డకట్టి టప్పున నేల మీద పడుతుందట. సాయంత్రం ఊడ్చేవాళ్లు వాటిని బకెట్లోకి ఎత్తి బయట ఎండలో పారబోస్తే అప్పుడు వరసగా 'హాచ్, హాచ్' మని వినిపిస్తాయట. ఆ ఆఫీసువాళ్లు చెప్పే మాటే ఇది, అందులో నేను కలిపింది ఏమీ లేదు.

ఇవాళే కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. బురదమ్మ ఉద్యోగం బురద చదవడం. సరస్సు మధ్యకి తెప్ప మీద వెళ్లి, పొడుగాటి గొట్టాన్ని అడుగున దిగేసి, బురదని చెక్కు చెదరకుండా పైకి లాగుతారు. అది నిండాక అదే చోట ఇంకో గొట్టం దించి, ఆ కింది బురదని లాగుతారు. కింద ఉన్నది పాతకాలం, పైన ఉన్నది కొత్తకాలం. వానలు దండిగా పడినప్పుడు దిగిన బురద నల్లగా ఉంటుంది. వానలు మొహం చాటేసినప్పుడు సరస్సు ఎండి, ఉప్పు పేరుకుని, తెల్లటి పట్టీ పడుతుంది. మనుషులు ఏనాడో మరిచిపోయిన కరువుని కూడా సరస్సు మరిచిపోదు. కోడలు పెళ్లిలో ఏ మాట అందో ముసలితనందాకా గుర్తుపెట్టుకునే అత్తగారి లాంటిది అది.

అలాంటి గొట్టాల్లోనే బురదమ్మ అన్నయ్య ఒకటి కాదు, రెండు కరువులు కనిపెట్టాడు. ఒకదాని మీద ఒకటి, మధ్యలో కొంత మంచికాలం. కవలలు పుట్టిన ఇంట్లో కూడా అంత సంబరం ఉండదు. ఆయన్ని అందరూ 'జంటకరువుల మాస్టారు' అన్నారు, పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆ రెండు కరువులూ బడిపిల్లల పాఠ్యపుస్తకంలోకి ఎక్కబోతున్నాయి. ఫొటో తీసుకోవడానికి పుస్తకాల కమిటీ ఇవాళే వస్తోంది.

ఇక్కడే వచ్చింది తంటా. గొట్టాన్ని నిలువునా రెండుగా చీలుస్తారు. ఒక సగాన్ని ముక్కలు కోసి, ఎండబెట్టి, పొడి చేసి పరీక్షలకి పంపిస్తారు. అది వాడే సగం. రెండో సగానికి ప్లాస్టిక్ కాగితం చుట్టి చలిగదిలో పడుకోబెడతారు. అది దాచే సగం. మాస్టారు చెప్పందే దాన్ని ఎవరూ విప్పకూడదు. జంటకరువుల వాడే సగాలు ఎప్పుడో పొడైపోయి అంకెలుగా మిగిలాయి. దాచే సగాల జోలికి ఇన్నేళ్లలో ఒక్క ప్రాణీ పోలేదు. ఫొటో కోసం శుభ్రం చేసిపెడదామని, అన్నయ్యకి చెప్పకుండా, బురదమ్మ విప్పింది.

పైగొట్టం అడుగున ఒక తెల్లపట్టీ ఉంది. కిందిగొట్టంలో, తలదగ్గర జానెడు నల్లబురద దాటగానే, ఇంకో తెల్లపట్టీ ఉంది. అంతవరకూ అందరికీ తెలిసిందే. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండు పట్టీల మీదా అంతే ఎడంలో ఒక నత్తగుల్లల వరస. గుల్లల పైన ఒక లావు గీత, దాని మీద సన్న గీతలు, ఆ పైన గోరంత బూడిద. అక్కడా అంతే, ఇక్కడా అంతే. ఒకే మనిషి చొక్కా మార్చుకుని రెండు ఫొటోలు దిగితే మొహం మారుతుందా?

కరువు ఒక్కటే. ఆ రోజు తెప్ప లోతువైపు జరిగిపోయింది. అక్కడ అదే బురద ఇంకా కిందన ఉంటుంది. గొట్టం వెళ్లి దాన్నే మళ్లీ పట్టుకొచ్చింది.

ఈ మాట బురదమ్మ కంటే ముందు ఇంకొకాయన అన్నాడు. ఎవరో కాదు, ఆవిడ మొగుడే. గొట్టాలు దించే ఇంజనీరు ఆయన. "మనం ఎత్తిన బురదనే మళ్లీ ఎత్తాం" అని నిండు సభలో అన్నందుకు, బావగారికి వచ్చిన పేరు చూసి ఓర్వలేక అబద్ధాలాడుతున్నాడని ముద్ర వేసి సాగనంపారు. ఆ రోజు బురదమ్మ అన్నయ్య పక్కన నిలబడింది. ఇంటికొచ్చాక మొగుడితో, "వెళ్లి అన్నయ్యకి సారీ చెప్పి రా" అంది. ఆయన చెప్పులేసుకుని వెళ్లాడు. అన్నయ్య దగ్గరికీ వెళ్లలేదు, తిరిగి ఇంటికీ రాలేదు. పిల్లలు లేరు. పదేళ్లయినా విడాకులన్న మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

అదీ సంగతి. ఇప్పుడు తలుపు తెరుచుకుంటోంది.

"ఏమే, బతికున్నావా, గడ్డకట్టావా?" అంటూ అన్నయ్య లోపలికొచ్చాడు. చలికోటు కింద ఇస్త్రీ మడత నలగని కొత్త చొక్కా. "ఎలా ఉన్నాను చెప్పు. మీ వదిన ఈ చొక్కాలో అచ్చం పంతుల్లా ఉన్నావంది. బడిపుస్తకంలోకి ఎక్కేవాడు పంతుల్లా కాక పెళ్లికొడుకులా ఉంటాడేంటి?"

"ఇలా రా అన్నయ్యా."

"వస్తున్నా, వస్తున్నా. వాళ్ల కారు గేటు దాకా వచ్చేసిందట. ఆ పెద్ద లైటు..."

బల్ల మీద రెండు సగాలూ కాగితాలు ఊడదీసి పడుకుని ఉన్నాయి.

మాస్టారికి బురద కనబడితే ఎలా ఉంటుందో బురదమ్మకి చిన్నప్పటి నుంచీ తెలుసు. కళ్లజోడు నెత్తి మీదికి నెట్టి, గడ్డం అంటుకునేదాకా వంగిపోతాడు. ఒకసారి అలా వంగి చూసి, గడ్డానికి బురదతోనే ఎవరిదో పెళ్లికి వెళ్లి, ఫొటోలన్నిటిలో మేకపోతులా పడ్డాడు. చూసిన బురదైనా సరే, మళ్లీ వంగందే ఉండలేడు. ఆ మనిషి ఇవాళ నిటారుగా నిలబడిపోయాడు. ఆయన చూపు బల్ల మీదికి పోలేదు. కింద పడున్న ప్లాస్టిక్ కాగితం మీద ఆగింది.

"ఎవరు విప్పమన్నారు?"

"నీకు తెలుసు" అంది బురదమ్మ.

"నేనడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి? ఎవరు విప్పమన్నారు?"

"నువ్వు వంగలేదన్నయ్యా."

"ఏంటీ?"

"ఇన్నేళ్ల తర్వాత నీ కరువులు బయటికొస్తే, నువ్వు వంగి చూడలేదు. ఇందులో ఏముందో నీకు ముందే తెలుసు."

మాస్టారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన నోరు మూతపడడం బురదమ్మ చూడడం ఇదే మొదలు. ఆయన మాట్లాడడం మొదలుపెడితే గడియారాలు కూడా సెలవు పెట్టి వెళ్లిపోతాయని పేరు.

"చీల్చిన రోజే చూశాను" అన్నాడు చివరికి. చలికి నోట్లోంచి మాటతో పాటు పొగ వచ్చింది. "చూసి, చుట్టేశాను."

"మరి ఆయన సభలో చెప్పిన రోజు..."

"అప్పటికే నలుగురికీ చెప్పేశాను. పత్రికల్లో పడిపోయింది. వెనక్కి తీసుకోమంటావా? ఏమని? మాస్టారికి ఒకటికి రెండు కనబడ్డాయి, ఏం తాగొచ్చాడో అనుకోరూ?"

"అందుకని ఆయన్ని అబద్ధాలకోరు అన్నావు."

"నేననలేదు. ఎవరో అన్నారు."

"నువ్వు తలూపావు. నేను నీ పక్కనే ఉన్నాను. నువ్వూపితే నేనూ ఊపాను."

ఆయన బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. గొంతు మార్చాడు. ఇప్పుడొచ్చింది సభల్లో వాడే గొంతు, వెన్న రాసిన గొంతు. "చూడు తల్లీ. కరువు ఒకటైతేనేం, రెండైతేనేం? వానలు ఎగ్గొడతాయని పిల్లలకి తెలియాలి. తెలుస్తుంది. అందులో అబద్ధమేముంది?"

"కరువు పోయి మంచికాలం వచ్చింది, మళ్లీ పోయింది అని రాశావు. ఆ మధ్య కాలం అసలు లేదు కదన్నయ్యా! కరువు తర్వాత పడిన వానల్నే రెండుసార్లు లెక్కేశావు."

"నేనా?" మాస్టారు నవ్వాడు. ఆ నవ్వులో తియ్యదనం చుక్క కూడా లేదు. "ఆ మంచికాలం మీద డాక్టరేటు తెచ్చుకుందెవరు? ఏ చెట్లు పూశాయో, ఏ గడ్డి మొలిచిందో, పుప్పొడి గింజ గింజా ఏరి అంత లావు పుస్తకం రాసిందెవరు? నేను కరువులే కన్నాను తల్లీ. ఆ మంచికాలాన్ని పెంచి పెద్దచేసింది నువ్వు."

బురదమ్మకి చెంప ఛెళ్లుమన్నట్టయింది. నిజమే. ఆవిడ పుస్తకం అంతా లేని కాలం గురించి. ఆ కాలంలో సరస్సు ఒడ్డున పూసిన చెట్ల పేర్లు ఆవిడకి నోటికొచ్చు. ఆ పేర్లు చెబుతుంటే మొగుడు పక్కన కూర్చుని ఊ కొట్టేవాడు. మధ్యమధ్యలో, "ఆ చెట్టు కింద నాకో మంచం వేయించు, కాస్త నడుం వాలుస్తా" అనేవాడు. అప్పటికింకా రెండు గొట్టాల అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడలేదు ఆయన.

"పోతే పోయింది నా డాక్టరేటు" అంది. "ఆయన మీద పడ్డ మాట పోవాలి. ఇవాళ వాళ్లొచ్చేసరికి నేను చెప్పేస్తాను. ఇది పుస్తకంలోకి ఎక్కిందంటే ఆయన ఎప్పటికీ అబద్ధాలకోరుగానే ఉండిపోతాడు."

"చెప్పు. తప్పకుండా చెప్పు." మాస్టారు చేతులు కట్టుకున్నాడు. "చెప్పేటప్పుడు తెప్ప ఎందుకు జరిగిందో కూడా చెప్పాలిగా. ఆ రోజు తాడు ఎవరి చేతిలో ఉంది?"

గదిలో చలి ఒక్కసారిగా ఆవిడ ఎముకల్లోకి దిగింది.

తెప్ప జరగకుండా నాలుగు మూలలా నాలుగు లంగరు తాళ్లు, ఒక్కో తాడు ముడి చూసుకోవడానికి ఒక్కో మనిషి. వెనక తాడు బురదమ్మది. అప్పటికి పెళ్లి కాలేదు. ఆ ఇంజనీరు గొట్టం దించుతూ ఏవో కోతలు కోస్తున్నాడు. తాను ఒకసారి దించిన గొట్టం భూమికి అవతల వైపు తేలిందనీ, అక్కడెవరో దాన్ని పట్టుకుని 'ఎవరండీ?' అని గట్టిగా అరిచారనీ. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ముందుకెళ్లి, ఆయన పక్కన కూర్చుని మరీ నవ్వింది. తిరిగొచ్చి చూస్తే తాడు ముడి ఊడి నీళ్లలో తేలుతోంది. గబగబా లాగి కట్టేసింది. ఎవరూ చూడలేదులే అనుకుంది.

"మీ ఆయనకి తెలుసు" అన్నాడు అన్నయ్య, ఆవిడ మొహం చూస్తూ. "తాడు ఏ మూలది జారిందో చెప్పవయ్యా అని నేనే అడిగాను. నోరు విప్పలేదు. నీ పేరు చెప్పి ఉంటే నీ ఉద్యోగం ఊడేది, ఆయన పరువు నిలిచేది. చెప్పలేదు. అలాంటివాణ్ని పట్టుకుని నువ్వు సారీ చెప్పి రమ్మన్నావు."

బురదమ్మ బల్ల అంచు పట్టుకుంది. స్టీలు బల్ల చల్లగా చేతికి అంటుకుపోయింది.

"ఆయన నిన్ను కాచాడు. నేనూ నిన్నే కాచాను" అన్నాడు మాస్టారు మెత్తగా. "ఇంకెందుకమ్మా తవ్వడం? ఆ కాగితం ఇలా ఇవ్వు, ఫొటో తీసేసుకుంటే మళ్లీ చుట్టేద్దాం. గుల్లల వరస కనపడకుండా పక్కన ఆ కొలబద్ద పెడితే సరిపోతుంది."

ఆవిడ వంగి కాగితం తీసింది. అన్నయ్య చేతికి ఇవ్వబోతోంది కూడా.

"వాళ్లొచ్చారండీ" అని గుమ్మంలోంచి వదిన గొంతు.

వదినది పక్కగదిలో పుప్పొడి చూసే పని. ఆవిడ రెండు మాటలు మాట్లాడితే ఆఫీసులో అందరూ లేచి కిటికీలోంచి వాన వస్తుందేమోనని చూస్తారు, అంత తక్కువ మనిషి మాటల్లో. బల్ల మీది సగాల్నీ, ఆడబిడ్డ మొహాన్నీ, మొగుడి కొత్త చొక్కానీ వరసగా చూసింది.

"ఏమైందమ్మా? ఏమన్నారు మీ అన్నయ్య?"

"నువ్వెళ్లి వాళ్లని కూర్చోబెట్టు" అన్నాడు మాస్టారు.

"తాడు నా చేతిలోంచి జారిందట వదినా" అంది బురదమ్మ. "తెప్ప నా వల్లే జరిగిందట."

వదిన తలుపు మూసింది. మూసి, దానికి ఆనుకుని నిలబడింది.

"తాడు జారలేదు. ఆయన విప్పారు."

"ఏయ్!"

"అరవకండి, బయటికి వినబడుతుంది. నేను తెప్ప చివర గొట్టాలు కడుగుతున్నాను. నువ్వు ఆ ఇంజనీరుగారి దగ్గర కూర్చుని నవ్వుతున్నావు. ఈయన వెనక్కొచ్చి ముడి విప్పారు. తెప్ప జరిగాక తాడు నీళ్లలోకి వదిలేశారు. ఏంటండీ అంటే, నోరు మూసుకో అన్నారు. మూసుకున్నాను."

బురదమ్మ అన్నయ్య వైపు తిరిగింది. ఆయన మొహంలో ఇప్పుడు వెన్న లేదు, కోపం కూడా లేదు. ముసలితనం ఒక్కటే ఉంది.

"అడుగున రాయిలాంటి బంకమన్ను తగిలింది" అన్నాడు. "గొట్టం దిగడం లేదు. మనకి పోటీగా తవ్వే జట్టువాళ్ల బురద మన దానికి రెట్టింపు పొడుగు. కాస్త లోతుకి జరిగితే ఇంకో గొట్టం నిండుతుంది కదా అనుకున్నా. పొడుగు కోసమేనే! కరువు కోసం కాదు. గొట్టం గోడలోంచి రెండో పట్టీ మసగ్గా కనబడగానే నాకే ఒళ్లు పులకరించింది. నిజంగానే రెండు అనుకున్నాను, ఒట్టు. చీల్చేదాకా."

"చీల్చాక?"

మాస్టారు కొత్త చొక్కా కాలరు సరిచేసుకున్నాడు.

"వదినా, మరి ఇన్నేళ్లూ..."

"ఇల్లు నిలబడాలి కదా అనుకున్నానమ్మా." వదిన గొంతు ఎండు కట్టెలా ఉంది. "నిలబడింది. మీ ఇల్లు కూలింది."

బురదమ్మకి ఏడుపు రాలేదు. వచ్చినా ఆ గదిలో కంట్లోనే గడ్డకట్టేది. తాను నవ్విన ఆ నవ్వు గుర్తొచ్చింది. అంత నవ్వూ నవ్వి, దాన్నే తప్పుగా నెత్తిన పెట్టుకుని, ఆ తప్పు బయటపడకూడదనే అన్నయ్య పక్కన అంత గట్టిగా నిలబడింది. అన్నయ్యకి అది తెలుసు. తెలిసే వాడుకున్నాడు, గొట్టంలో వాడే సగాన్ని వాడినట్టు.

తలుపు తట్టారు. వదిన పక్కకి జరిగింది.

కమిటీ పెద్దావిడ శాలువా మెడకి చుట్టుకుంటూ లోపలికొచ్చింది. వెనకాల కెమెరా ఆయన, ఆయన వెనక ఇంకో ఇద్దరు. "అమ్మో, ఇదేం చలండీ! మా ఇంట్లో ఫ్రిజ్జు దీనికంటే వెచ్చగా ఉంటుంది."

"రండి, రండి!" మాస్టారి గొంతులోకి వెన్న తిరిగొచ్చేసింది. "ఇక్కడ ఎవరికీ కోపాలు రావండీ, వచ్చినా చల్లారిపోతాయి. ఇదిగో, మా చెల్లెలు. బురద చదవడంలో నన్ను మించిపోయింది. తనే చూపిస్తుంది."

అందరూ నవ్వారు. కెమెరా ఆయన లైటు సరిచేశాడు.

"చూపించమ్మా" అంది పెద్దావిడ, బల్ల మీదికి వంగుతూ. "రెండు కరువులు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించు. పిల్లలు మొదట చూసేది నీ వేలే."

మాస్టారు కొలబద్ద తీసి నత్తగుల్లల వరస మీద పెట్టాడు. పెట్టి, చెల్లెలి వైపు చూశాడు. ఆ చూపులో అజమాయిషీ లేదు, బతిమాలుకోవడమే ఉంది. నాన్న పోయాక ఆవిడకి జడ వేయడం నేర్చుకున్న చేతులు ఆ కొలబద్దని అదిమి పట్టుకున్నాయి.

బురదమ్మ ఆ చేతుల్ని చూసింది. చూసి, కొలబద్ద తీసి పక్కన పెట్టింది.

"చూపిస్తానండీ. కానీ దీన్ని నాకంటే ముందు చదివినాయన ఒకాయన ఉన్నాడు. ఆయన వింటూ ఉండగా చూపిస్తాను. ఆ తలుపు కాస్త తీసి పట్టుకోండి, లేకపోతే ఇక్కడ ఫోను పలకదు."

"వద్దే" అన్నాడు అన్నయ్య, ఆవిడకి మాత్రమే వినపడేలా.

ఆవిడ కోటు జేబులోంచి ఫోను తీసింది. ఆ నంబరు ఇంకా 'మా ఆయన' అన్న పేరుతోనే ఉంది. ఆయన వెళ్లిన రోజు నుంచీ దాన్ని ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు, ఒక్కసారీ నొక్కలేదు. ఇప్పుడు నొక్కింది. నొక్కి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి, రెండు గొట్టాల మధ్య బల్ల మీద ఉంచింది.

మోగుతోంది. కమిటీవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. వదిన కళ్లు మూసుకుంది. మాస్టారు కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు, ఒక గుండీ ఇంకోదాని కాజాలోకి పోతోంది. ఇంకా మోగుతోంది. ముందుగా ఏ మాట అనాలా అని బురదమ్మ వెతుక్కుంటోంది. నువ్వు చెప్పింది నిజం అనాలా? నన్ను క్షమించు అనాలా? రెండూ ఒక్క మాటలో పట్టేలా ఏదైనా ఉందా?

అవతల ఎత్తారు.

"హలో?"

ఆయన గొంతు కాదు. చిన్న పిల్ల గొంతు. బడి నుంచి అప్పుడే వచ్చి పరుగెత్తి ఫోను అందుకున్నట్టు ఆయాసపడుతోంది.

బురదమ్మ ఫోను మీదికి వంగింది. వదిన ఒక అడుగు ముందుకేసింది.

"హలో, ఎవరండీ?" అంది పిల్ల గట్టిగా, ఆ చలిగది నలుమూలలా మోగేలా. "నాన్న పెరట్లో మోటారు బాగుచేస్తున్నాడు. చేతికి పని ఉంది, ఎవరో కనుక్కోమన్నాడు. మీరు మా నాన్నకి ఏమవుతారు?"